పోసింది బయటికి రావాలి: అచ్చుల వెనకున్న లెక్క

పండక్కి గులాబీ పువ్వులు వండేవాళ్లందరికీ తెలిసిన జాగ్రత్త ఒకటుంది. ఇనప అచ్చును కాగే నూనెలో ఉంచి వేడెక్కించాక పిండిలో ముంచుతారు. అయితే పూర్తిగా ముంచరు, ముప్పాతిక వరకే. పిండి అచ్చు పైఅంచు దాటిందంటే ఆ పువ్వు ఇక ఊడిరాదు. ఇనుమును చుట్టేసి బిగుసుకుపోతుంది, ముక్కలు చేసి గీకాల్సిందే. కొత్త అచ్చుకు నూనె పట్టించకుండా వాడినా మొదటి వాయి మొత్తం అంటుకుపోతుంది.

ఇటుక నుంచి ఇంజన్ బ్లాకు దాకా, బకెట్టు నుంచి ఇంటి స్లాబు దాకా అచ్చు పని అంతా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. మట్టినో, కాంక్రీటునో, కరిగిన ఇనుమునో ఒక ఖాళీలోకి పంపడం పెద్ద విద్య కాదు. గట్టిపడ్డాక దాన్ని చెడకుండా బయటికి తీయడమే విద్య. అందుకే ఏ అచ్చును చూసినా ముందు అడగాల్సింది 'ఇందులోంచి వస్తువు ఎటు వస్తుంది?' అని. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుంటే, చూడ్డానికి సంబంధం లేనట్టుండే పనులన్నీ ఒక వరసలోకి వస్తాయి. నెల్లూరు, ప్రకాశం వైపు మనకు రోజూ కనబడే వస్తువులతోనే చూద్దాం.

ఇటుక అచ్చు అన్నిటిలోకీ సులువైనది. అడుగు లేని చెక్క పెట్టె లేదా ఇనప పెట్టె. ఇటుక కోసేవాళ్లు ముందు దాన్ని తడిపి, లోపల సన్న ఇసుకో బూడిదో చల్లుతారు. మట్టి ముద్దను బలంగా విసిరి కొట్టి, పైన చదును చేసి, పెట్టెను నిటారుగా పైకి లాగేస్తారు. వస్తువును అచ్చులోంచి తీయకుండా, వస్తువు మీదనుంచి అచ్చునే తీసేస్తున్నారన్నమాట. చల్లిన ఇసుక మట్టికీ పెట్టెకీ మధ్య పొరగా నిలబడి జారనిస్తుంది. మట్టిని విసిరి కొట్టడానికీ కారణం ఉంది. మెల్లగా నింపితే మూలల్లో గాలి నిలిచిపోయి ఇటుక మూలలు గుండ్రంగా వస్తాయి.

ఈ పెట్టె ఇటుకంత ఉండదు, ఇటుక కన్నా పెద్దది. పచ్చి ఇటుక ఎండలో నీళ్లు కోల్పోయి కొంత, బట్టీలో కాలి మరికొంత కుంచించుకుపోతుంది. మట్టిని బట్టి మొత్తం మీద నూటికి పది వంతుల దాకా తగ్గవచ్చు. అంటే 9 అంగుళాల ఇటుక కావాలంటే పెట్టె 10 అంగుళాల దగ్గర ఉండాలి. పక్కపక్క బట్టీల ఇటుకలు కలిపి గోడ కడితే వరసలు కుదరకపోవడానికి ఇదీ ఒక కారణం. పెట్టె ఒకటే కావచ్చు, మట్టి ఒకటి కాదు. కృష్ణపట్నం దగ్గర నేలటూరు లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకకు ఈ గొడవ దాదాపు లేదు. దాన్ని కాల్చరు. సిమెంటో సున్నమో కలిపి, యంత్రంలో నొక్కి, వెంటనే బయటికి నెట్టి, నీళ్లు కొట్టి గట్టిపరుస్తారు. అచ్చు కొలతే ఇటుక కొలత. ప్లాస్టరింగ్‌లో సిమెంటు ఆదా అయ్యేదీ అందుకే.

బావులకూ సెప్టిక్ ట్యాంకులకూ వేసే సిమెంటు వరల దగ్గరికొస్తే చిక్కు ఒక మెట్టు పెరుగుతుంది. ఒక్కో వర పోయడానికి రెండు అచ్చులు కావాలి, బయట ఒకటి, లోపల ఒకటి. బయటి రేకు రెండు ముక్కలుగా ఉంటుంది. బోల్టులు విప్పితే చెరోవైపుకీ తెరుచుకుంటుంది. లోపలి రేకు మాత్రం అలా రాదు. గట్టిపడే పదార్థం కొద్దిగానైనా కుంచించుకుంటుంది. కుంచించుకునేది బయటి అచ్చును వదిలేస్తుంది, లోపలి అచ్చును బిగపట్టుకుంటుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే లోహం పోతలోనూ ప్లాస్టిక్‌లోనూ సగం విషయం అర్థమైనట్టే. అందుకని లోపలి రేకులో ఒకచోట సన్నటి పట్టీని విడిగా పెడతారు. ముందు ఆ పట్టీని లాగేస్తే మిగతా రేకు లోపలికి ముడుచుకుని ఖాళీగా బయటికొస్తుంది. ఆ పట్టీ తుప్పు పట్టి బిగుసుకుపోతే సుత్తితో కొట్టక తప్పదు. పచ్చి వర మీద ఆ దెబ్బలే పగుళ్లవుతాయి. కొనేటప్పుడు వర లోపలి అంచును వేలితో తడిమి చూడండి, బయట నున్నగా ఉన్నవి కూడా లోపల చెదిరి ఉంటాయి.

ఇంతవరకూ చెప్పినవి మళ్లీ మళ్లీ వాడే అచ్చులు. పోసిన ప్రతిసారీ అచ్చునే పగలగొట్టేసే పద్ధతి ఇంకొకటుంది. దాని ముడిసరుకు మన దగ్గరే దొరుకుతుంది. గూడూరు పక్కన చిల్లకూరు, కోట మండలాల్లో తీరం వెంబడి తెల్లటి సిలికా ఇసుక ఉంది. గాజు పరిశ్రమకు వెళ్లే ఇసుకగానే దాన్ని ఎక్కువమంది ఎరుగుదురు. సిలికా ఇసుకకు మరో పెద్ద గిరాకీ లోహం పోతపోసే ఫౌండ్రీలది. మోటారు పంపు బాడీ, మ్యాన్‌హోల్ మూత, ట్రాక్టర్ విడిభాగాలు, ఇలా పోత ఇనుముతో చేసిన వస్తువుల్లో చాలావరకు ఇసుకలో పుట్టినవే.

ఇసుకే ఎందుకు? పోత ఇనుమును దాదాపు 1,350 నుంచి 1,400 డిగ్రీల సెల్సియస్ వేడిలో పోస్తారు. సిలికా కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. వేడికి తట్టుకోవడం మొదటి గుణం. గింజల మధ్య సందులుంటాయి కాబట్టి ఆవిరీ వాయువులూ వాటిగుండా బయటికి పోతాయి. ఇది రెండోది. మూడోదాన్ని జనం గమనించరు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పని అయ్యాక ఇసుక అచ్చు చెదిరిపోతుంది. ఇనుము చల్లారుతూ కుంచించుకునేటప్పుడు లోపల అచ్చు బిర్రుగా అడ్డం నిలబడితే వస్తువే చిట్లుతుంది. ఇసుక ఆ ఒత్తిడికి లొంగి దారిస్తుంది. లొంగడం ఇక్కడ బలహీనత కాదు, కావాలని ఎంచుకున్న గుణం.

పని జరిగే తీరు ఇది. ముందు చెక్కతోనో అల్యూమినియంతోనో వస్తువు నమూనా చేస్తారు. కింది పెట్టెలో నమూనా సగభాగం పెట్టి, సిలికా ఇసుకలో జిగురుగా పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి, నూటికి మూడు నుంచి ఐదు పాళ్ల నీరు కలిపి గట్టిగా దిమ్మిస ఆడతారు. పిడికిట్లో నొక్కితే వేలి గుర్తులతో సహా ముద్దగా నిలవాలి, విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలవ్వాలి, చేతికి తడి అంటకూడదు. అదే సరైన పదును. పెట్టెను తిరగేసి, పైన పొడి ఇసుక చల్లి, మిగతా సగం నమూనా పెట్టి పై పెట్టెనూ నింపుతారు. తర్వాత రెండు పెట్టెలనూ విడదీసి నమూనా తీసేస్తే దాని ఖాళీ మిగులుతుంది. మళ్లీ మూసి, పైన వదిలిన కంతలోంచి లోహం పోస్తారు.

నమూనా తీసే ఆ ఒక్క క్షణం కోసమే దాని గోడలన్నీ కొంచెం ఏటవాలుగా చెక్కుతారు. ఒకటి నుంచి మూడు డిగ్రీలు చాలు. నిటారు గోడ ఇసుకను రాసుకుంటూ పైకి వచ్చి అంచులు రాలుస్తుంది. ఏటవాలు గోడ కదిలిన మరుక్షణమే ఇసుకను వదిలేస్తుంది. నమూనా వస్తువు కన్నా పెద్దదిగానూ ఉంటుంది. పోత ఇనుముకు మీటరుకు దాదాపు 10 మిల్లీమీటర్లు, అల్యూమినియానికి 13, ఉక్కుకు 20 కలుపుతారు. నమూనాలు చేసే పాతకాలం పనివాళ్ల దగ్గర ఈ పెంపు కలిపి గీతలు గీసిన కొలబద్దలే ఉండేవి. పంపు బాడీలా లోపల బోలు కావాలంటే ఆ బోలు ఆకారాన్ని విడిగా గట్టి ఇసుకతో చేసి ఖాళీలో కూర్చోబెడతారు. దాన్ని కోర్ అంటారు. వర లోపలి రేకు చేసే పనే ఇదీ చేస్తుంది. తేడా ఏమిటంటే, దీన్ని లాగక్కర్లేదు, వేడికి జిగురు కాలిపోయి తనే పొడిగా రాలిపోతుంది.

పోసేటప్పుడు పై పెట్టె మీద బరువులు పెట్టడం చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. కరిగిన ఇనుము నీటికన్నా దాదాపు ఏడు రెట్లు బరువు. పడవను నీళ్లు లేపినట్టు అది పై పెట్టెను లేపేస్తుంది, సందులోంచి లోహం కారిపోతుంది. ఇసుకలో తడి ఎక్కువైనా ప్రమాదమే. నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోలేక లోహంలోనే బుడగలుగా ఉండిపోతుంది. తర్వాత లేతు మీద చెక్కేటప్పుడు ఆ బొక్కలు బయటపడతాయి. గింజ ఆకారం కూడా చూస్తారు. గుండ్రటి గింజల మధ్య వాయువు బాగా సాగుతుంది, వాటిని పట్టి ఉంచడానికి జిగురూ తక్కువే పడుతుంది. ఇసుకను కడిగి, జల్లించి, సైజుల వారీగా వేరుచేసేది ఇందుకే. ఇందులో ఒక కీడుంది, దాన్ని దాటేసి ముందుకెళ్లడం న్యాయం కాదు. సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక నయం కాదు. ఇసుక జల్లించే చోటా, పోతను దులిపే చోటా తడి, మాస్కు, దుమ్మును లాగేసే ఫ్యాను తప్పనిసరి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోదు.

పంచలోహ విగ్రహాల పద్ధతిలోనూ అచ్చు బతకదు. మైనంతో విగ్రహం చేసి, సన్నటి మట్టి పూతలు పూసి, ఆరాక కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో లోహం పోసి మట్టిని పగలగొడతారు. ఇక్కడ రెండు పెట్టెలు విడదీసే పనే లేదు కాబట్టి ఏటవాలు అక్కర్లేదు. ఒంపు తిరిగిన వేళ్లు, వెనక్కి మళ్లిన ఆభరణం, ఏదైనా వస్తుంది. అంత స్వేచ్ఛకు చెల్లించే ధర ఏమిటంటే, ఒక అచ్చుకు ఒకే విగ్రహం.

దీనికి పూర్తిగా అవతలి కొస ప్లాస్టిక్. ఇంట్లో బకెట్టును బోర్లించి అడుగు మధ్యలో చూడండి, చిన్న బొడిపె ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ లోపలికి వచ్చిన ద్వారం అది. బకెట్టు అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉండడమూ ముందు అచ్చు కోసమే. ఒకదాంట్లో ఒకటి దూరడం ఆ వాలుతో కలిసొచ్చిన లాభం. చల్లారేటప్పుడు పాలీప్రొపిలీన్ నూటికి ఒకటి నుంచి రెండున్నర వంతుల దాకా కుంచించుకుంటుంది. అంటే లోపలి ఉక్కు దిమ్మను గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని వదిలించడానికి వెనకనుంచి నెట్టే ఏర్పాటు ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీ అడుగున కనబడే గుండ్రటి మచ్చలు అలా నెట్టిన కడ్డీల గుర్తులే. కుర్చీ సీటు మీద అక్కడక్కడా చిన్న గుంట కనిపిస్తే దాని కింద తప్పకుండా మందపాటి పట్టీ ఉంటుంది. మందం ఉన్నచోట ఆలస్యంగా చల్లారి, పైపొరను లోపలికి లాక్కుంటుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకు చేసేవాళ్లు లోపలి అచ్చు బెడదను ఇంకో రకంగా తప్పించుకున్నారు. అసలు లోపలి అచ్చే లేదు. బోలు ఇనప అచ్చులో పాలిథిలీన్ పొడి వేసి, రెండు దిక్కుల్లో తిప్పుతూ వేడి చేస్తారు. పొడి కరిగి గోడలకు పొరగా అంటుకుంటుంది. చల్లారాక కుంచించుకుని అచ్చును తనంతట తనే వదిలేస్తుంది. అతుకు లేని ట్యాంకు అలా వస్తుంది. రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లను తేల్చే బోలు ఫ్లోట్లు చాలావరకు ఇంకో పద్ధతిలో వస్తాయి. వేడి ప్లాస్టిక్ గొట్టాన్ని రెండు ముక్కల అచ్చు మధ్య బిగించి లోపలికి గాలి ఊదుతారు. ఫ్లోటు చుట్టూ కనబడే సన్నటి గీత ఆ రెండు ముక్కలూ కలిసిన చోటు. ఫ్లోటు కారితే ముందు ఆ గీత వెంబడే వెతకండి.

ఉక్కు అచ్చు ఖరీదు లక్షల్లో ఉంటుంది. 5 లక్షల అచ్చుతో లక్ష గరిటెలు తీస్తే ఒక్కోదాని మీద పడేది 5 రూపాయలు. వెయ్యే తీస్తే 500. ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కే చేతికి ఈ లెక్కతో పని లేదు. పదోదీ వెయ్యోదీ ఒకే శ్రమ, ప్రతిదీ కొత్త ఆకారం కావచ్చు. అందుకే చేతిపని ప్లాస్టిక్‌తో ధరలో పోటీ పడలేదు, పడాలని అడగడమూ సరికాదు. వాటి లెక్కలే వేరు.

ఇక మోల్డింగ్ అని పిలుస్తూనే అచ్చు లేకుండా చేసే పని ఒకటుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌తో వంటగట్టు వేయించేటప్పుడు అంచుకు 'హాఫ్ రౌండా, ఫుల్ రౌండా' అని అడిగి అడుగుల లెక్కన కూలి చెబుతారు. రాయిని కరిగించి పోయలేం కాబట్టి ఆకారం అచ్చులో కాక చక్రంలో ఉంటుంది. అంచును డైమండ్ చక్రంతో గుండ్రంగా అరగదీసి, ముతక నుంచి నున్న వరకూ మెట్లుమెట్లుగా పాలిష్ పట్టుకొస్తారు. ఒక మెట్టు ఎగరేస్తే ముందు మెట్టు గీతలు నల్లరాయిలో తెల్లగా మిగిలిపోతాయి, ట్యూబ్‌లైటు వెలుతురు అడ్డంగా పడినప్పుడు కనిపిస్తాయి. భైరవకోనలో కొండనే తొలిచి ఎనిమిది గుహాలయాలు తీర్చినవాళ్లదీ ఇదే దారి. అక్కడ బయటికి తీయాల్సింది వస్తువు కాదు, వస్తువు కానిదంతా. కట్టిన గుళ్ల అధిష్ఠానంలో, అంటే గోడ కింది పీఠంలో, జగతి, కుముదం, కంఠం అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చిన వరసలూ ఇలా చెక్కి తీసిన అంచులే. ముందుకొచ్చిన వరస నీడ వేస్తుంది, వెనక్కి పోయిన వరస ఆ నీడను పట్టుకుంటుంది, గోడ అడుగున బరువూ నిలకడా కంటికి తెలుస్తాయి.

ఇళ్లలో అందం కోసం చేసే అంచుల మీద వేలు ఖర్చుపెడతాం. అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా అవసరమైన అంచును మర్చిపోతాం. సన్‌షేడ్ అడుగున, బయటి అంచుకు అంగుళమున్నర లోపలగా ఉండాల్సిన నీటి గాడి అది. అది లేకపోతే వాన నీరు అడుగు తలాన్ని పట్టుకుని పాకుతూ గోడలోకి వస్తుంది. గాడి ఉంటే అక్కడ దారి తెగి చుక్కలుగా కింద పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు కొట్టే మన తీరంలో గోడలు చెమ్మెక్కడానికి ఈ అర అంగుళం గాడి లేకపోవడం పెద్ద కారణం. సెంట్రింగ్ రేకు మీద సన్నటి చెక్క బద్దో సగానికి చీల్చిన పీవీసీ పైపో పెట్టి పోస్తే చాలు, గాడి దానంతటదే వస్తుంది.

సెంట్రింగ్ అంటే మామూలు మనిషి జీవితంలో డబ్బు పెట్టి చేయించుకునే అతిపెద్ద అచ్చు. పచ్చి కాంక్రీటు ఘనపు మీటరు దాదాపు 2,400 కిలోలుంటుంది. 5 అంగుళాల స్లాబు అయితే పదడుగుల చదరపు గది మీద సుమారు 3 టన్నులు. గట్టిపడేదాకా ఆ బరువంతా రేకులూ సర్వి గుంజలే మోయాలి. గుంజ మెత్తటి నేల మీద కాక పలక మీద నిలబడాలి. అతుకు గుంజలు వాడకూడదు. పోసేముందు వాన కురిస్తే ప్రతి గుంజ కిందా మళ్లీ చూడాలి.

కాలమ్ పెట్టె సంగతి వేరు. పచ్చి కాంక్రీటు నీళ్లలా పక్కలకు తోస్తుంది. పదడుగులు ఒకేసారి పోసి వైబ్రేటర్ పెడితే అడుగున చదరపు అడుగుకు 680 కిలోల దాకా ఒత్తిడి పడవచ్చు. కాలమ్ పెట్టెలు ఎప్పుడూ కిందే ఉబ్బేది అందుకే. బిగింపులు కింద దగ్గరదగ్గరగా, పైకి పోయేకొద్దీ దూరంగా ఉండాలి. రేకుల మధ్య సందులుంటే సిమెంటు పాలు కారిపోయి కంకర మాత్రం మిగులుతుంది. పెట్టె విప్పాక కనబడే ఆ బొక్కల్ని బేల్దారి మేస్త్రి రాత్రికి రాత్రి పూసేస్తే ఒప్పుకోకండి, ముందు ఇంజనీరుకు చూపించండి.

రేకులకు బండ్లలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూయడం మన దగ్గర అలవాటైపోయింది. రేకు సులువుగా వస్తుంది, నిజమే. ఆ జిడ్డు స్లాబు అడుగున ఉండిపోయి ప్లాస్టరింగ్‌ను పట్టనివ్వదు. కొన్నేళ్లకు సీలింగ్ పెళ్లలు ఊడి పడే ఇళ్లలో కొన్నిటికి మూలం ఇక్కడుంది. షట్టరింగ్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు, దాన్ని పల్చగా పూయాలి. చువ్వలకు అంటకుండా, చువ్వలు కట్టకముందే పూయాలి. చువ్వల కింద కవర్ బ్లాకులు కూడా ఈ దశలోనే చూసుకోవాలి. చువ్వకూ కాంక్రీటు పైతలానికీ మధ్య ఉండే మందమే కవర్. కాంక్రీటు పనికి జాతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇంటి లోపలి స్లాబుకు 20 మిల్లీమీటర్ల కవర్ చాలు. సముద్రపు గాలికి తెరిచి ఉండే కాంక్రీటుకు 45 కావాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలోనూ కంకర రాయి ముక్కే కవర్‌గా పెట్టి పోసేస్తున్నారు. చువ్వ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది.

చివరికి అచ్చు తీసే రోజు. బూడిద కలపని మామూలు ఓపీసీ సిమెంటుకు ఐఎస్ 456 చెప్పే గడువులివి. కాలమ్ పక్కలు 16 నుంచి 24 గంటల్లో తీయవచ్చు. గుంజలు వెంటనే తిరిగి పెట్టేటట్టయితే స్లాబు రేకులు 3 రోజులకు తీయవచ్చు. స్లాబు గుంజలు పూర్తిగా తీయాలంటే ఆధారాల మధ్య నాలుగున్నర మీటర్ల దూరం వరకు 7 రోజులు, అంతకు మించితే 14. దూలాల గుంజలకు 6 మీటర్ల వరకు 14 రోజులు, మించితే 21. మనం ఇప్పుడు ఎక్కువగా వాడేది బూడిద కలిసిన పీపీసీ సిమెంటు. అది మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఈ గడువులు ఇంకా పెంచాలి. రేకులకు రోజుకింత అని అద్దె కట్టాలి, కాంట్రాక్టరుకు ఇంకో ఇంటి పని ఎదురుచూస్తూ ఉంటుంది. తొందర అక్కడినుంచే వస్తుంది. అందుకే స్లాబు పోసే రోజునే, ఏ సిమెంటు వాడారో దాన్ని బట్టి గుంజలు ఎప్పుడు తీయాలో ఇంజనీరు చేత తేదీ వేయించి, ఆ కాగితం మీద మేస్త్రి సంతకం తీసుకోండి. అదనపు అద్దె ఎవరు కట్టాలో కూడా అందులోనే రాసుకోండి.